ఒకే కంప్యూటర్, మూడు చిట్టాలు: యూజర్ పర్మిషన్లతో నా అనుభవం

హనుమకొండలోని మా ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే, దాని మీద ఆధారపడ్డవాళ్లం మాత్రం చాలామందిమి. మా బాపుకు ఎనుమాముల మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం ఉంది. ఇప్పుడు తమ్ముడు దానిని చూసుకుంటున్నాడు. రైతులు తెచ్చిన మిర్చి బస్తాల లెక్క, కాంటా తూకం, హమాలీ, దడ్వాయి (తూకం వేసే మనిషి) ఖర్చులు, కమీషన్, చివరకు రైతుకు ముట్టజెప్పిన సొమ్ము, ఇవన్నీ పగలు తక్‌పట్టీలనే లెక్క చీటీల మీదికి, రాత్రి ఇంటికి వచ్చాక పద్దుల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కుతాయి. అదే కంప్యూటర్ మీద మా అమ్మాయి ఇంటర్ పాఠాలు చూసుకుంటుంది, నేను కాలేజీకి కావలసిన ప్రశ్నపత్రాలు తయారు చేసుకుంటాను. నేను కామర్స్ చెప్పేవాణ్ని. కంప్యూటర్ నా వృత్తి కాకపోయినా, లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉండాలి, దానిలో ఎవరు రాయవచ్చు, ఎవరు చూసి ఊరుకోవాలి అన్న ప్రశ్నలు నాకు కొత్తవి కావు. అందుకే ఇంట్లో కంప్యూటర్ బాగోగులు నా మీద పడ్డప్పుడు ఇష్టంగానే తీసుకున్నాను.

చాలా ఏళ్లు మేమందరం ఒకే లాగిన్ వాడాము. అది అడ్మినిస్ట్రేటర్ లాగిన్, అంటే కంప్యూటర్‌లో ఏ మార్పైనా చేయగల లాగిన్. ఆటల కోసం, పాఠాల కోసం ఏవేవో డౌన్‌లోడ్ అవుతుండడం, అదే లాగిన్‌లో దుకాణం పద్దులు కూడా ఉండడం నాకు మనసున పట్టలేదు. పాత లాగిన్‌ను అడ్మినిస్ట్రేటర్‌గానే ఉంచి, తమ్మునికి, బాపుకు, అమ్మాయికి వేర్వేరుగా సాధారణ లాగిన్లు తయారు చేశాను. ఇంట్లో కంప్యూటర్‌ను పదిమంది వాడేటప్పుడు చేయవలసిన పని అదేనని ఇప్పటికీ నా అభిప్రాయం. అయితే ఆ రాత్రే తమ్ముడు తన లాగిన్‌లో సాఫ్ట్‌వేర్ తెరిచి నన్ను పిలిచాడు.

"అన్నా, పద్దులన్నీ పోయినయ్. రైతుల పేర్లు ఒక్కటి గూడ కనవడ్తలేవు."

చూస్తే నిజంగానే సాఫ్ట్‌వేర్ నిన్ననే కొని పెట్టినట్టు ఖాళీగా ఉంది. పాత లాగిన్‌లోకి వెళ్లి తెరిస్తే పద్దులన్నీ యథాతథంగా ఉన్నాయి. డేటా పోలేదని తెలిసి కాస్త నెమ్మదించాము. కానీ కారణం తెలియలేదు. మార్కెట్‌కు మిర్చి ముమ్మరంగా వచ్చే రోజులు కాబట్టి పని ఆపడానికి వీలులేక, తమ్ముడు తన లాగిన్‌లోనే కొత్త పద్దులు రాయడం మొదలుపెట్టాడు. ఈలోగా సాఫ్ట్‌వేర్ పెట్టించిన దుకాణం వారికి ఫోన్ చేస్తే, "రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టుండ్రి, అన్నీ సక్కగైతయి" అన్నారు. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ఎప్పుడూ అలాగే తెరుచుకునేట్టు గుర్తు కూడా పెట్టించారు. అలా తెరిస్తే మరింత వింతగా, పాత పద్దులూ లేవు, తమ్ముడు కొత్తగా రాసినవీ లేవు. పైగా రైతు పేరు రాసే గడిలో తెలుగు టైపు కావడం ఆగిపోయింది. తెలుగు మీట నొక్కితే ఇంగ్లిషు అక్షరమే పడుతున్నది. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని తమ్ముడు, వైరస్ పట్టిందని ఫోన్‌లోని మనిషి, ఎవరికి తోచింది వారు చెప్పారు.

బాపు మాత్రం మంచం మీద కూర్చుని అంతా విని, "ఒక్క దుకాణానికి మూడు చిట్టాలు రాస్తున్నట్టున్నది గదరా" అన్నాడు. ఆయన కంప్యూటర్ ముట్టడు. కానీ జరిగింది అక్షరాలా అదే.

ఏ లాగిన్‌లో ఏది కనిపిస్తున్నదో ఒక కాగితం మీద రాసుకుని కూర్చున్న తరువాత సంగతి తేటపడింది. మా పద్దుల సాఫ్ట్‌వేర్ విజువల్ బేసిక్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష కాలం నాటిది. దాని డేటా అంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ పద్ధతిలోని ఒకే ఫైల్‌లో ఉంటుంది, ఆ ఫైల్ సాఫ్ట్‌వేర్ ఉన్న చోటనే, అంటే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. విండోస్ 95, 98 రోజుల్లో ఈ ఫైల్ ఎవరిది, ఎవరు రాయవచ్చు అన్న పట్టింపే లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఆ ఏర్పాటు ఉన్నా, ఇళ్లలో అందరూ అడ్మినిస్ట్రేటర్లుగానే ఉండేవారు. అందుకని ఆనాటి సాఫ్ట్‌వేర్లు తమకు తోచినచోట రాసుకున్నాయి. 2007 జనవరిలో ఇంటి వాడకందారులకు అందిన విండోస్ విస్టాతో ఆ పద్ధతి మారింది. అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌లో ఉన్నా సరే, మామూలుగా తెరిచిన ప్రోగ్రామ్‌కు సాధారణ యూజర్ హోదాయే దక్కుతుంది. పూర్తి అధికారం కావాలంటే తెర మసకబారి, అనుమతిస్తారా అని అడిగే పెట్టె దాటాలి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో సాధారణ హోదాతో చదవవచ్చు గానీ రాయకూడదు.

మరి మా సాఫ్ట్‌వేర్ ఇన్నేళ్లు ఎట్లా రాసింది? పాత సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోకుండా విండోస్ ఒక తాత్కాలిక ఏర్పాటు పెట్టుకుంది. ముప్పై రెండు బిట్ల పాత ప్రోగ్రామ్ ఏదైనా, తనకు ఏ హోదా కావాలో ముందుగా చెప్పుకోనిది, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే విండోస్ దానికి కాదనదు. ఆ ఫైల్‌కు ఒక నకలు తీసి, ఆ యూజర్ సొంత ఫోల్డర్లలో యాప్‌డేటా, లోకల్, వర్చువల్ స్టోర్ అనే దారిలో దాచి, రాతను దానిలోకి మళ్లిస్తుంది. ఆ తరువాత అదే యూజర్ తెరిచినప్పుడు అసలు ఫైల్‌కు బదులు ఆ నకలునే చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు గానీ, మనిషికి గానీ ఈ మళ్లింపు సంగతి తెలియదు. ఒక్కరే ఒకే లాగిన్‌లో పని చేసుకున్నంతకాలం ఇది ఏ ఇబ్బందీ పెట్టదు. రెండో మనిషి వచ్చినప్పుడే బయటపడుతుంది.

అంటే మా పాత పద్దులన్నీ నిజానికి పాత లాగిన్ తాలూకు వర్చువల్ స్టోర్‌లో ఉన్నాయి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని అసలు ఫైల్ మాత్రం సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు ఎంత ఖాళీగా ఉందో అంతే ఖాళీగా ఉండిపోయింది. తమ్ముడు తన లాగిన్‌లో తెరిచినప్పుడు ఆ ఖాళీ ఫైల్ కనిపించింది. రాయడం మొదలుపెట్టగానే అతనికొక కొత్త నకలు పుట్టింది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచినప్పుడు ఈ మళ్లింపు వర్తించదు కాబట్టి, నకళ్లతో సంబంధం లేకుండా మళ్లీ ఆ ఖాళీ అసలు ఫైలే కనిపించింది. తమ్ముడు ఆ హోదాలో కూడా కొన్ని పద్దులు రాసి ఉన్నందున మూడో చిట్టా కూడా తయారైంది.

తెలుగు టైపు ఆగిపోవడానికి కూడా మూలం ఇక్కడే ఉంది, అది తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం కలిగింది. మా ఇంట్లో తెలుగు కోసం వాడేది మీటలను మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరాలుగా మార్చి పంపే ఒక చిన్న ప్రోగ్రామ్. అది సాధారణ హోదాలో నడుస్తుంది. తక్కువ హోదాలో ఉన్న ప్రోగ్రామ్, ఎక్కువ హోదాలో ఉన్న కిటికీ (విండో) లోకి మీటలను గానీ సందేశాలను గానీ పంపకుండా విస్టా నుంచి విండోస్ అడ్డుకుంటుంది. ఏదో ఒక దొంగ ప్రోగ్రామ్ అడ్మినిస్ట్రేటర్ కిటికీలో తానే మీటలు నొక్కి పని చేయించుకోకుండా పెట్టిన కట్టడి అది. పద్దుల సాఫ్ట్‌వేర్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాకు ఎక్కించగానే మా తెలుగు టైపు ప్రోగ్రామ్ దానికి దూరమైంది. తెలుగులో రాసుకునేవాళ్లు ఎంతోమంది ఈ ఇబ్బంది పడి, ఫాంట్ చెడిందనుకుని మళ్లీ మళ్లీ ఫాంట్లు ఎక్కించుకుని ఉంటారని నా అనుమానం. ఒక్క ప్రోగ్రామ్‌లో తెలుగు పడక, పక్కనే నోట్‌ప్యాడ్‌లో సవ్యంగా పడుతుంటే ముందుగా చూడవలసింది ఆ ప్రోగ్రామ్ ఏ హోదాలో నడుస్తున్నదన్న సంగతి.

కారణం ఊహించడం ఒక ఎత్తు, కళ్లతో చూడడం ఒక ఎత్తు. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ పుట తెరిచి, పైన వరుసలోని శీర్షికల మీద రైట్ క్లిక్ చేస్తే మరికొన్ని నిలువు వరుసలు చేర్చుకోవచ్చు. వాటిలో యూఏసీ వర్చువలైజేషన్ అనేది ఒకటి, పైన చెప్పిన మళ్లింపు పేరు అదే. ఎలివేటెడ్, అంటే హోదా పెంచినది, అనేది మరొకటి. సాఫ్ట్‌వేర్‌ను మామూలుగా తెరిచినప్పుడు మొదటి దానిలో ఎనేబుల్డ్ అని కనిపించింది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినప్పుడు ఆ మాట మారిపోయి, రెండో వరుసలో ఎస్ (అవును) అని వచ్చింది. అప్పుడు అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, దాచిన ఫోల్డర్లతో సహా సీ డ్రైవ్ అంతటా ఆ యాక్సెస్ ఫైల్ పేరుతో వెతికించాను. అనుకున్నట్టే మూడు చోట్ల మూడు ఫైళ్లు దొరికాయి. పాత లాగిన్‌లోనిది చాలా పెద్దది, మిగతా రెండూ చిన్నవి. ఏ ఫైల్ ఎప్పుడు చివరిసారి మారిందో తేదీలు చూస్తే కథంతా వరుసగా తెలిసిపోయింది. ఏదీ కదిలించక ముందే మూడింటినీ వేర్వేరు పేర్లతో పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి పక్కన పెట్టాను. ఇటువంటి పనిలో అన్నిటికన్నా ముందు చేయవలసినది ఇదే.

ఇక్కడ నాకు రెండు సలహాలు వచ్చాయి. ఒకటి, అందరికీ అడ్మినిస్ట్రేటర్ లాగిన్లే ఇవ్వమని. రెండవది, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఆ ఫోల్డర్‌కు ఎవ్రీవన్ పేరిట ఫుల్ కంట్రోల్, అంటే అందరికీ పూర్తి అధికారం ఇచ్చేయమని. మొదటిది చేసినా ఉపయోగం లేదు. అడ్మినిస్ట్రేటర్లు అయినా మామూలుగా తెరిస్తే వారికి దక్కేది సాధారణ హోదాయే కాబట్టి ఎవరి నకలు వారికి ఉంటుంది. రెండవది ఇంకా లోతైన పొరపాటు. నకలు ఒకసారి పుట్టిన తరువాత ఆ యూజర్‌కు నకలే ముందు కనిపిస్తుంది కనుక, అసలు ఫోల్డర్‌కు ఎన్ని అనుమతులిచ్చినా పాత చిట్టాలు పాతవాటిగానే ఉంటాయి. అంతకు మించి, ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లో ఎవరైనా రాయవచ్చంటే, ఎవరి లాగిన్‌లోకైనా దూరిన చెడ్డ ప్రోగ్రామ్ మా పద్దుల సాఫ్ట్‌వేర్ ఫైల్‌నే మార్చి పెట్టవచ్చు. మరుసటిసారి దానిని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన మనిషి తన చేతులతో తానే ఆ చెడ్డ ప్రోగ్రామ్‌కు సర్వాధికారం ఇచ్చినట్టవుతుంది. ఏ ప్రోగ్రామ్‌కైనా, ఏ యూజర్‌కైనా తన పని పూర్తి చేసుకోవడానికి ఎంత అధికారం కావాలో అంతే ఉండాలన్న సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1975లోనే తమ పత్రంలో స్పష్టంగా రాశారు. పెద్ద పెద్ద సంస్థల యంత్రాల కోసం చెప్పిన ఆ మాట ఈనాటి ఇంటి కంప్యూటర్‌కు కూడా అంతే వర్తిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి ప్రోగ్రామ్‌ను అది ఉన్న చోటనే ఉంచి, డేటాను మాత్రం బయటికి తీసుకురావాలని నిర్ణయించుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో ఒక చిన్న సెట్టింగుల ఫైల్ ఉంది, దానిలో డేటా ఎక్కడుందో ఒక వరుసలో రాసి ఉంది. డీ డ్రైవ్‌లో పద్దుల కోసం కొత్త ఫోల్డర్ తయారు చేసి, పాత లాగిన్‌లోని పెద్ద ఫైల్‌ను దానిలోకి నకలు చేసి, సెట్టింగుల ఫైల్‌లో ఆ దారి రాశాను. తమ్ముని లాగిన్‌లో తెరిచి చూస్తే ఏ మార్పూ లేదు. ఆ సెట్టింగుల ఫైల్‌కు కూడా వర్చువల్ స్టోర్‌లో నకలు ఉండడమే దానికి కారణం. అసలు ఫైల్‌లో నేను రాసింది ఆ నకలు వెనుక దాగిపోయింది. రెండు లాగిన్లలోనూ వర్చువల్ స్టోర్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ పేరు మార్చి పక్కకు పెట్టగానే కొత్త దారి అమలులోకి వచ్చింది. ఈ పని చేయదలచినవారు నకళ్లను తుడిచేయకుండా పేరు మార్చి ఉంచుకోవడం మంచిది. వాటిలో ఇంకా ఏమేమి మిగిలి ఉన్నాయో చివరిదాకా తెలియదు.

తరువాత ఆ ఫోల్డర్‌కు ఎవరెవరి పేర్లు రాయాలన్నది చూసుకున్నాను. డీ డ్రైవ్‌లో కొత్తగా చేసిన ఫోల్డర్‌కు సాధారణంగా పై నుంచి వచ్చే అనుమతులు చాలా ఉదారంగా ఉంటాయి. లాగిన్ అయిన ఎవరైనా దానిలో రాయవచ్చు, తుడిచేయవచ్చు. మా అమ్మాయి కావాలని ఏమీ చేయదు గానీ, ఆమె లాగిన్‌లో నడిచే ఏ ఆటకూ దుకాణం పద్దులతో పని లేదు. అందుకని ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ పుటలో అడ్వాన్స్‌డ్ నొక్కి, పై నుంచి వచ్చే ఇన్‌హెరిటెన్స్ ఆపేసి, అడ్మినిస్ట్రేటర్లకు, విండోస్ తన పనులకు వాడుకునే సిస్టమ్ అనే ఖాతాకు ఫుల్ కంట్రోల్ ఉంచి, పద్దులు రాసేవాళ్లకు మాడిఫై, అంటే రాసే, మార్చే, తీసేసే అనుమతి ఇచ్చాను. ఒక్కొక్కరి పేరు రాయకుండా ముందుగా ఒక గ్రూపు తయారు చేసి, తమ్ముణ్ని, బాపును, నన్ను అందులో చేర్చాను. రేపు దుకాణంలో గుమాస్తాను పెట్టుకుంటే అతన్ని గ్రూపులో చేరిస్తే చాలు, ఫోల్డర్‌ను మళ్లీ ముట్టుకోవలసిన పని ఉండదు. విండోస్ హోమ్ ఎడిషన్‌లో గ్రూపులను చూపించే కిటికీ లేదు. కానీ అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ లోకల్‌గ్రూప్ అనే ఆదేశంతో గ్రూపు చేయవచ్చు, మనుషులను చేర్చవచ్చు. చేర్చిన తరువాత ఆ మనిషి ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఎవరు ఏ గ్రూపులో ఉన్నారన్నది లాగిన్ సమయంలోనే ఖరారవుతుంది కాబట్టి అంతవరకు పాత హోదాయే కొనసాగుతుంది. దీనిని మరిచిపోయి, అనుమతి ఇచ్చినా పని కావడం లేదని అనవసరంగా మరిన్ని అనుమతులు ఇచ్చుకుంటూ పోయేవారు చాలామంది.

మాడిఫై అనుమతిని ఫైల్‌కు కాక ఫోల్డర్‌కే ఇవ్వడానికి ఒక కారణం ఉంది. యాక్సెస్ ఫైల్ తెరుచుకోగానే, ఇంకెవరైనా వాడుతున్నారేమో తెలుసుకోవడానికి దాని పక్కనే ఒక చిన్న లాక్ ఫైల్ పుడుతుంది, మూసినప్పుడు అది పోతుంది. ఫోల్డర్‌లో కొత్త ఫైల్ పుట్టించే అనుమతి, తీసేసే అనుమతి లేకపోతే, అసలు ఫైల్ మీద ఎంత అధికారం ఉన్నా పని సవ్యంగా సాగదు. ఒక్కోసారి చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు ఇలాగే మనకు కనిపించే ఫైల్‌తో పాటు కనిపించని తాత్కాలిక ఫైళ్లు పక్కనే పెట్టుకుంటాయి. ఏ ఫైల్ దగ్గర ఆగిపోతున్నదో తెలియనప్పుడు మైక్రోసాఫ్ట్ వారి సిస్ఇంటర్నల్స్ పనిముట్లలోని ప్రాసెస్ మానిటర్ చాలా ఉపకరిస్తుంది. ప్రోగ్రామ్ తాకిన ప్రతి ఫైల్ పేరూ, దాని ఫలితమూ అందులో కనిపిస్తాయి. ఫలితం దగ్గర యాక్సెస్ డినైడ్ అని ఉన్న వరుసలను మాత్రం వడగట్టి చూస్తే, ఊహాగానాలు అవసరం లేకుండా ఆ ఫోల్డర్ పేరే కళ్ల ముందుకు వస్తుంది.

ఆ తరువాత షార్ట్‌కట్‌లో అడ్మినిస్ట్రేటర్ గుర్తు తీసేశాము. తెలుగు టైపు తిరిగి వచ్చింది. తమ్ముడు తన లాగిన్‌లో రాసిన పద్దును బాపు లాగిన్‌లో తెరిచి చూపించాను. అమ్మాయి లాగిన్‌లో ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదని వచ్చింది. అదే కావాలి గనుక ఆ పరీక్ష కూడా నెగ్గినట్టే. చిన్న ఫైళ్లు రెండింటిలో మిగిలిన పద్దులను కలపడానికి మాత్రం ఏ ఉపాయం వెతకలేదు. తక్‌పట్టీలు ముందు పెట్టుకుని, తమ్ముడు చదువుతుంటే నేను మళ్లీ ఎక్కించాను. కాగితం మీది లెక్కతో సరిచూసుకోవడం వల్ల మొత్తం సరిపోయిందన్న ధైర్యం కూడా వచ్చింది.

ఈ పని అయ్యాక మా పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ సంగతి కూడా చూడాలనుకున్నాము. మదర్‌బోర్డు పోయిన ఆ యంత్రంలో తమ్ముని పెళ్లి ఫొటోలున్నాయి. డిస్క్‌ను యూఎస్‌బీ పెట్టెలో పెట్టి తగిలిస్తే, నా పేరుతోనే ఉన్న ఫోల్డర్‌ను నాకే తెరవడానికి అనుమతి లేదన్నది. పాత యంత్రంలోనూ కొత్త యంత్రంలోనూ లాగిన్ పేరు ఒకటే. అయితే పేరు మన సౌకర్యం కోసమే. విండోస్ ప్రతి లాగిన్‌కూ ఎస్ అక్షరంతో మొదలయ్యే పొడవాటి అంకెల గుర్తింపు ఇస్తుంది, ఫైళ్ల మీద రాసి ఉండేది అదే. కొత్త యంత్రం ఆ అంకెలను ఎరగదు కనుక సెక్యూరిటీ పుటలో పేరుకు బదులు ఆ అంకెల వరుస, పక్కన అకౌంట్ అన్‌నోన్ అని కనిపించింది. కంటిన్యూ నొక్కితే విండోస్ ఆ ఫోల్డర్ మీద, దాని లోపలి ఫైళ్ల మీద నా కొత్త గుర్తింపును శాశ్వతంగా రాసుకుంటూ పోతుంది. ఫైళ్లు ఎక్కువగా ఉంటే చాలాసేపు పడుతుంది, మధ్యలో వైరు పీకకూడదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లలో ఈ ఇబ్బంది ఎన్నడూ రాదు, ఎందుకంటే వాటిలో ఫైల్ ఎవరిదని రాసుకునే చోటే లేదు. అందుకే పద్దుల బ్యాకప్ తీసుకునే పెన్‌డ్రైవ్‌ను బల్ల మీద వదలకుండా బీరువాలో పెడుతున్నాము. పద్దుల ఫోల్డర్‌కు నేను పెట్టిన కట్టడి ఏదీ దాని వెంట వెళ్లదు.

తమ్ముని కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాని పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌తో పాటు ఉబుంటు అనే లినక్స్ కూడా ఉంది. మా గొడవ అంతా చూసిన వాడు, "పెద్దనాన్నా, నాది గూడ గిసొంటిదే ఉన్నది, జర చూడు" అని తీసుకొచ్చాడు. ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు తగిలించి దానిలోకి ప్రోగ్రామ్ ఎక్కించబోతే పర్మిషన్ డినైడ్ అని ఆగిపోతున్నది. స్నేహితులు చెప్పినట్టు బోర్డు తగిలిన పోర్టుకు, అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ ఆదేశంతో అందరికీ రాసే అనుమతి ఇస్తే పని అవుతున్నది గానీ, బోర్డు తీసి పెట్టగానే మళ్లీ మొదటికి వస్తున్నది. లినక్స్‌లో పోర్టు కూడా ఒక ఫైల్‌గానే కనిపిస్తుంది, బోర్డు తగిలించిన ప్రతిసారీ ఆ ఫైల్ కొత్తగా పుడుతుంది కనుక, పాతదానికి ఇచ్చిన అనుమతి పాతదానితోనే పోతుంది. విసిగిపోయి వాడు ప్రోగ్రామ్‌నే సుడోతో, అంటే సర్వాధికారంతో నడపడం మొదలుపెట్టాడు. అలా దాచుకున్న ఫైళ్లన్నీ లినక్స్‌లో సర్వాధికారి అయిన రూట్ పేరు మీద పడి, మామూలుగా తెరిస్తే మార్చడానికి రాకుండా అయ్యాయి.

లినక్స్‌లో ఈ చిక్కు తేలికగా విడిపోతుంది, ఎందుకంటే సమాధానం తెర మీదే రాసి ఉంటుంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ ఆదేశాన్ని పొడవు వివరాలతో ఇచ్చి ఆ పోర్టును చూస్తే, యజమాని రూట్, గ్రూపు డయలౌట్, ఈ ఇద్దరికీ చదివే రాసే అనుమతి, మిగతావారికి ఏమీ లేదని స్పష్టంగా ఉంది. అంటే కావలసింది డయలౌట్ గ్రూపులో చోటు, అంతే. యూజర్‌మాడ్ ఆదేశంతో వాణ్ని ఆ గ్రూపులో చేర్చాము. ఇక్కడ ఒక్క జాగ్రత్త అవసరం. చిన్న ఏ, పెద్ద జీ రెండు గుర్తులూ కలిపి ఇవ్వాలి. చిన్న ఏ మరిచిపోతే కొత్త గ్రూపులో చేరుస్తూ, వాడున్న మిగతా అదనపు గ్రూపులన్నిటిలోంచి తీసేస్తుంది. వాటిలో సుడో గ్రూపు కూడా ఉంటుంది కాబట్టి ఆ తరువాత సరిదిద్దుకునే అధికారం కూడా ఆ లాగిన్‌కు మిగలదు. చేర్చిన తరువాత లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావడం ఇక్కడా తప్పదు. ఐడీ అనే ఆదేశం ఇస్తే ఇప్పుడున్న గ్రూపులన్నీ కనిపిస్తాయి. డయలౌట్ అందులో కనిపించాక బోర్డు ఎన్నిసార్లు తీసి పెట్టినా పని ఆగలేదు. రూట్ పేరు మీద పడ్డ ఫైళ్లను, యజమానిని మార్చే సీహెచ్‌ఓన్ ఆదేశంతో తిరిగి వాని పేరు మీదికి మార్చాము. అది కూడా వాని ప్రాజెక్టు ఫోల్డర్ వరకే చేశాము, మొత్తం డిస్క్ జోలికి పోలేదు.

అదే ల్యాప్‌టాప్‌లో ఉబుంటులోంచి విండోస్ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వడం లేదని వాడు ఇంకో సమస్య చెప్పాడు. చూడడానికి ఇది కూడా పర్మిషన్ సమస్యలాగే ఉంటుంది, కానీ కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా మూసుకోకుండా సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో డ్రైవ్‌లో రాస్తే డేటా పాడవుతుంది కనుక ఉబుంటు దానిని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. ఇటువంటప్పుడు సీహెచ్‌మాడ్ ఎన్నిసార్లు ఇచ్చినా ఫలితం ఉండదు. విండోస్‌లోకి వెళ్లి పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, సరిగా షట్‌డౌన్ చేశాక డ్రైవ్ మామూలుగా తెరుచుకుంది.

ఆఖరున మా పద్దుల సాఫ్ట్‌వేర్ రాసిన ఆయనతో నేరుగా మాట్లాడాను. జరిగిందంతా వరుసగా చెప్పి, డేటా ఫైల్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టవద్దని, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డేటా ఎక్కడ ఉంచాలో అడగమని కోరాను. అందరూ కలిసి వాడే డేటాకు విండోస్‌లో ప్రోగ్రామ్‌డేటా అనే ఫోల్డర్ ఉంది గదా అని ఆయన అన్నాడు. ఉన్నమాట నిజమే గానీ, అక్కడ మామూలుగా ఒక యూజర్ పుట్టించిన ఫైల్‌ను మరో సాధారణ యూజర్ చదవగలడు తప్ప మార్చలేడు, అందువల్ల ఇన్‌స్టాలర్ ఆ ఒక్క ఫోల్డర్‌కు విడిగా అనుమతి రాయాలని చెప్పాను. ఆయన ఓపికగా విని, సెటప్‌లో ఆ మార్పు చేసి పంపుతానన్నాడు. అది రాగానే ముందు బాపు లాగిన్‌లో, ఒక ఖాళీ డేటా ఫైల్‌తో నడిపి, టాస్క్ మేనేజర్‌లో ఆ రెండు వరుసలూ చూసి, వర్చువల్ స్టోర్‌లో కొత్త నకలు ఏదీ పుట్టలేదని తేల్చుకున్నాకే దుకాణం పద్దులను దానికి అప్పగిస్తాము.